నెల్లూరు నుంచి డ్యూటీకెళ్లే పైలట్లకు: జంప్‌సీటు అడిగే పద్ధతి

నెల్లూరుకు విమానాశ్రయం లేదు. బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) ఎక్కడైనా చాలామందికి చెన్నై విమానాశ్రయమే దారి, సుమారు 175 కిలోమీటర్లు. ఆఖరి విమానం మీద ఆశ పెట్టుకుని బయల్దేరొద్దు, దాని ముందుదానికి చేరండి.

జంప్‌సీటంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు. అది కెప్టెన్ అనుమతితో దొరికేది, హక్కు కాదు. గేటులో ఐడీ, లైసెన్సు చూపించి పేరు రాయించండి. తర్వాత కాక్‌పిట్ గుమ్మం దగ్గరే ఆగండి. లోపల చెక్‌లిస్టు చదువుతుంటే అయ్యేదాకా నోరు మెదపొద్దు. ఆపైన "కెప్టెన్ గారూ, మీతో రావచ్చా?" అని అడగండి. క్యాబిన్‌లో సీటు దొరికినా ఈ పలకరింపు మానొద్దు. అడక్కుండా లోపలికొచ్చి బ్యాగు పెట్టేయడంతోనే సగం తగాదాలు మొదలవుతాయి.

కూర్చోగానే ఆక్సిజన్ మాస్కు, భుజం బెల్టు సరిచూసుకోండి. విమానం 10,000 అడుగుల ఎత్తు లోపు ఉన్నంతసేపూ కబుర్లొద్దు. పక్క విమానమేదైనా కనిపిస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టరో, పైలట్ల పనితీరు పరీక్షించే చెక్ పైలటో వస్తే సీటు వాళ్లదే. కెప్టెన్ కాదంటే ప్రయాణికుల ముందు వాదించకుండా దిగండి. అన్యాయమనిపిస్తే తేదీ, ఫ్లైట్ నంబరు, అన్న మాటలు అదేరోజు రాసి మీ కంపెనీకో, పైలట్ల సంఘానికో పంపండి. ఆ కోపంతో ఆ కెప్టెన్ కంపెనీ పైలట్లకు మీ విమానంలో సీటు నిరాకరించడం తప్పు; దానికి బలయ్యేది ఈ గొడవతో సంబంధం లేనివాళ్లు.