కాడపూల సాగు – మూడవ పాఠం: జర్బరా కుండీలో పొట్టు, నీరు, ఎరువు

గత పాఠంలో బోరు నీటి ఈసీని (నీటిలో కరిగిన ఉప్పులు ఎంత ఉన్నాయో తెలిపే విద్యుత్ వాహకత, కొలత మిల్లీసీమెన్స్/సెం.మీ.) కొలిచి పుస్తకంలో రాసుకోమన్నాను. ఈ పాఠమంతా ఆ అంకె మీదే నడుస్తుంది.

నెల్లూరు జిల్లాలో అల్లూరు దాటి సముద్రం వైపు పోయేకొద్దీ చాలా బోర్లలో నీరు ఉప్పదేలుతుంది. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో ఇబ్బంది వేరు, అక్కడ నీరు త్వరగా ఇంకక జర్బరా మొదలు కుళ్లుతుంది. అందువల్ల షేడ్‌నెట్ కింద ఈ పూలు వేయదలచినవారు కుండీల్లో కొబ్బరి పొట్టు వాడడం మేలు. అయితే పొట్టు కూడా ఉప్పు లేనిది కాదు. కొబ్బరి డొక్కలను ఉప్పునీటిలో నానబెట్టిన చోట తీసిన పొట్టులో సోడియం మరీ ఎక్కువగా ఉంటుంది.

ఇటుకలా అదిమి అమ్మే 5 కిలోల పొట్టు దిమ్మ నానితే సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది. దానిని మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి, లీటరుకు 10 గ్రాముల చొప్పున కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రోజు నానబెట్టి, మళ్లీ కడగాలి. కాల్షియం పొట్టును పట్టుకుని ఉన్న సోడియాన్ని బయటకు నెడుతుంది, ఆ తరువాతి కడుగులో అది నీటితో పాటు పోతుంది. మొదటి ఏడాది నేను ఈ పనిని ఒక్క కడుగుతో సరిపెట్టాను. నాటిన మూడో వారానికి ముదురాకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. మొక్క ఆకలితో ఉందనుకుని ఎరువు పెంచాను, దానితో ఉన్న ఆకులూ మాడాయి. అంచు మాడితే ముందు ఈసీ చూడండి, ఎరువు సంచి తరువాత విప్పవచ్చు.

పూత దశలో లీటరు నీటికి కాల్షియం నైట్రేట్ 0.5 గ్రాము, 13:0:45 ఎరువు (పొటాషియం నైట్రేట్) 0.6 గ్రాము కలిపితే నత్రజని సుమారు 155 మిల్లీగ్రాములు అందుతుంది. వీటికి 0:52:34 ఎరువు (మోనో పొటాషియం ఫాస్ఫేట్) 0.15 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.3 గ్రాము చేర్చాలి. ఇవన్నీ కలిసి నీటి ఈసీని సుమారు 1.7 పెంచుతాయి. మీ బోరు ఈసీ 0.4 అయితే మొత్తం 2.1 అవుతుంది, జర్బరా దానికి తట్టుకుంటుంది. బోరు నీరే 1.0 ఉంటే ఈ మోతాదును మూడో వంతు తగ్గించక తప్పదు. 1.5 దాటితే ఎరువుకు చోటే మిగలదు కనుక వాన నీటిని తొట్టిలో పట్టి బోరు నీటితో కలిపి వాడాలి.

ఈ ఎరువులను ముందే చిక్కగా కలిపి పెట్టుకునేటప్పుడు కాల్షియం నైట్రేట్‌ను ఒక డ్రమ్ములో, మెగ్నీషియం సల్ఫేట్‌ను, 0:52:34ను మరో డ్రమ్ములో విడిగా ఉంచాలి. ఎందుకో కళ్లారా చూడడానికి రెండు గ్లాసుల్లో కొద్దిపాటి నీళ్లు పోసి, ఒకదానిలో చెంచాడు కాల్షియం నైట్రేట్, మరొకదానిలో చెంచాడు మెగ్నీషియం సల్ఫేట్ కరిగించి, రెండింటినీ ఒకటిగా పోయండి. తేటగా ఉన్న నీరు మజ్జిగలా తెల్లబడి, అడుగున జిప్సం పేరుకుంటుంది. డ్రిప్పు రంధ్రాలు పూడిపోయేది ఈ తెల్లటి మడ్డితోనే.

నాటేటప్పుడు మొక్క మొదలు పొట్టు పైకి కనిపించేలా ఉంచాలి, పూడితే కుళ్లుతుంది. ఈ వారం మీరు చేయవలసిన పని ఒకటే. నీరు పెట్టిన గంట తరువాత కుండీపై డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా పోసి, అడుగున కారిన మొదటి 50 మిల్లీలీటర్లు పట్టి, దాని ఈసీనీ పీహెచ్‌నూ (ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) తేదీతో సహా రాయండి. పీహెచ్ 6.5 దాటిన కుండీలలో లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపు తేలుతున్నదేమో చూసి గుర్తుపెట్టండి. అది ఇనుము అందని గుర్తు, ఆ సంగతి నాలుగవ పాఠంలో ఆ కుండీల నుంచే మొదలుపెడతాను.