సొరారిటీలో ఉండాలా, మానాలా: నా అనుభవం

అమెరికాలో డిగ్రీ రెండో ఏడు. సొరారిటీలో, అంటే కాలేజీ అమ్మాయిల సంఘంలో, చేరానన్న మాటేగానీ, చాప్టర్ (మా కాలేజీలో ఆ సంఘం శాఖ) మీటింగ్ అంటేనే టెన్షన్. అంతమంది అమ్మాయిలున్నా పలకరింపులు ఫొటోల వరకే. వేరేదాంట్లో చేరదామంటే కుదరదు. 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సొరారిటీల సమాఖ్యలోని ఒక సంఘంలో ఇనిషియేషన్ (పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే వేడుక) అయ్యాక, అందులోని మరో సంఘం చేర్చుకోదు.

అందుకే ఉన్నచోటే దారి వెతికాను. పార్టీలకు వెళ్లడం తగ్గించి, విరాళాలు సేకరించే కమిటీలో పని అడిగి తీసుకున్నాను. పాన్‌కేకులు వేసి అమ్ముతూ, రాత్రి గిన్నెలు తోముతూ ఉంటే మాటలు వాటంతటవే కలిశాయి. గుంపులో నోరు విప్పని నాకు సింకు దగ్గర ఇద్దరు ముగ్గురితో గంటలు తెలిసేవి కావు. ఫీజు భారంగా ఉందని ట్రెజరర్‌కి చెబితే వాయిదాల్లో కట్టమంది. ఇబ్బంది పడేవాళ్లు ఇది తప్పకుండా అడగాలి.

చాప్టర్‌లో అందరూ దగ్గరవ్వలేదు. ఆ సింకు దగ్గరివాళ్లతో మాత్రం వచ్చే ఏడు ఒకే ఇంట్లో ఉండబోతున్నాను.