సోలార్ లోన్ అడిగే ముందు కరెంటు బిల్లు మీద పేరు చూసుకోండి

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా వీధిలోనే హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. మిద్దె మీద సోలార్ పెట్టించుకుందామని లోన్ కోసం బ్యాంకుకి మూడుసార్లు తిరిగారు. మూడోసారి దిగాలుగా బయటికొస్తుంటే ఎవరో పట్టుకుని "ఎనిమిది వేలివ్వండి సార్, నేను పాస్ చేయిస్తా" అన్నాడట, ఈయన ఇచ్చేశారు. తీరా దరఖాస్తు ఎందుకు ఆగిందని చూస్తే కరెంటు బిల్లు ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. ఎనిమిది వేలు కాదు, ఎనభై వేలిచ్చినా ఆ పేరు దానంతటది మారదు.

అసలు ఈ లోన్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. 2070కల్లా నెట్ జీరో, అంటే వదిలే కర్బన ఉద్గారాలు, తొలగించేవి సమానం కావాలని, మన దేశం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాటిచ్చాక ప్రభుత్వ బ్యాంకులు కూడా తమ లక్ష్యాలు పెట్టుకుంటున్నాయి. ఎస్‌బీఐ తనకు 2055 గడువు పెట్టుకుంది, 2030 నాటికి దేశంలో ఇచ్చే అప్పుల్లో కనీసం 7.5 శాతం గ్రీన్ లోన్లు, అంటే పర్యావరణానికి మేలు చేసే పనులకిచ్చేవి, ఉండాలని కూడా అనుకుంది. బ్రాంచీల్లో ఏసీలు, లైట్లు ఆదా చేస్తే తగ్గేది కొంచెమే. బ్యాంకు ఎవరికి, దేనికి అప్పిస్తోందన్నదే అసలు లెక్క. ఇంటి మీద సోలార్‌కి ఇచ్చిన లోన్ ఆ గ్రీన్ పద్దులో పడుతుంది, పది లక్షల లోపైతే బ్యాంకులు తమ అప్పుల్లో ఇంత భాగం ఇవ్వాల్సిందేనని ఆర్‌బీఐ అడిగే ప్రాధాన్య రంగం లెక్కలోకీ వస్తుంది. అంటే మీ రెండు లక్షల లోన్ మేనేజర్‌కి కూడా కావలసిందే. కాకపోతే గ్రీన్ అని రాసుకున్న లోన్ వెనక నిజంగా ఒక మిద్దె, ఒక మీటరు, ఒక మనిషి ఉన్నారని కాగితాల్లో కనబడాలి. పేరు దగ్గర పట్టుబట్టేది అందుకే.

వరుస తేలికే. ఇంటి మీద సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్య ఘర్ పోర్టల్లో రాష్ట్రం, కరెంటు సంస్థ (మనకి బెస్కామ్), బిల్లు మీది అకౌంట్ ఐడీ, మొబైల్ నంబరు ఇచ్చి రిజిస్టర్ అవ్వాలి. దానికి డబ్బులేం కట్టక్కర్లేదు. 10 కిలోవాట్ల లోపైతే కరెంటు సంస్థ సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే ఒప్పుకున్నట్టు లెక్క అని 2024లో రూల్ మార్చారు కాబట్టి అక్కడ టెన్షన్ లేదు. తర్వాత పోర్టల్ జాబితాలో ఉన్న వెండర్ దగ్గర కొటేషన్ తీసుకుని, అక్కణ్ణుంచే ప్రభుత్వ లోన్ల పోర్టల్ జన్ సమర్థ్‌లోకి వెళ్లి లోన్‌కి అప్లై చేయడమే. 3 కిలోవాట్ల దాకా రెండు లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, పదో వంతు మనం పెట్టుకోవాలి, వడ్డీ రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) కంటే అర శాతం ఎక్కువ.

ఇక పేరు సంగతి. బిల్లు, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఇంటి కాగితం, ఈ ఐదింట్లోనూ ఉన్నది ఒకే మనిషి అని చూడగానే తెలియాలి. మన తెలుగువాళ్లకి ఇక్కడే చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో అది చివరికి పోతుంది, బిల్లులో ఒక్క ఇనీషియల్ మిగులుతుంది, పైగా కనెక్షన్ ఇచ్చిన రోజుల్లో కన్నడంలో ఎవరో విన్నట్టుగా రాసుకున్న స్పెల్లింగ్ ఒకటి. ఇలాంటి చిన్న తేడా అయితే ముందే బ్రాంచిలో చూపించి, రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చాలుతుందేమో అడగండి. సబ్మిట్ కొట్టాక అడిగితే మళ్లీ మొదటికొస్తుంది.

బిల్లు పాత ఓనర్ పేరునో బిల్డర్ పేరునో ఉంటే అఫిడవిట్‌తో పని జరగదు, కనెక్షన్ పేరు మార్పించుకోవాల్సిందే. బాకీ లేకుండా కట్టేసి, సేల్ డీడ్, ఖాతా కాగితం (ఇల్లు మీ పేరున ఉన్నట్టు మునిసిపాలిటీ రికార్డు), గుర్తింపు కార్డు పట్టుకుని మీ బెస్కామ్ సబ్ డివిజన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. పాత ఓనర్ సంతకంతో అభ్యంతరం లేదన్న లేఖ ఉంటే మంచిది, ఆయన ఎక్కడున్నాడో తెలియకపోతే తర్వాత ఎవరైనా అభ్యంతరం చెబితే బాధ్యత మాదేనని స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండ్ రాసిస్తారు. మా పెద్దాయన చివరికి చేసింది ఇదే, ఏజెంటు లేకుండానే.

నాన్నగారు పోయినా బిల్లు ఆయన పేరు మీదే నడుస్తున్న ఇళ్లు చాలా ఉంటాయి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి ఇప్పుడే సిద్ధం చేసుకోండి, అన్నదమ్ములు మంచిగా ఉన్నప్పుడే సంతకాలు పెట్టించుకోవడం మేలు. బిల్లు అమ్మ పేరున ఉండి ఆమె బాగానే ఉంటే పేరు మార్చక్కర్లేదు, అమ్మే దరఖాస్తుదారు, జీతం ఉన్న కొడుకో కూతురో కో అప్లికెంట్‌గా చేరవచ్చేమో బ్రాంచిలో అడగండి. అపార్ట్‌మెంట్ వాళ్ల దారి వేరు, మిద్దె అందరిదీ కాబట్టి మామూలుగా సంఘం తరఫున వెళ్తారు, ఉమ్మడి అవసరాలకైతే కిలోవాటుకి 18,000 సబ్సిడీ ఉంది.

కొటేషన్‌లో ఒక లైన్ జాగ్రత్తగా చదవండి. ప్యానెళ్లు డీసీఆర్ అని, అంటే లోపలి సెల్ కూడా ఇక్కడే తయారైనదని రాసి ఉండాలి. లేకపోతే లోన్ వచ్చినా సబ్సిడీ రాదు, "తర్వాత చూసుకుందాం సార్" అన్నా ఊరుకోవద్దు. లోన్ డబ్బు నేరుగా వెండర్ ఖాతాకే పోతుంది కాబట్టి, మిద్దె మీద ప్యానెల్ కనబడకుండా పని పూర్తయినట్టు సంతకం పెట్టకండి, ఓటీపీ చెప్పకండి.

కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో సున్నా బిల్లు వస్తున్నవాళ్లు తొందరపడకండి. ఆ పథకం 2022-23 సగటు వాడకానికి కొంత కలిపి, 200 యూనిట్ల లోపు ఉచితంగా ఇస్తోంది. మీ వాడకం అందులోనే సరిపోతుంటే కిస్తీ కట్టి మిగిలేదేంటో కాగితం మీద వేసుకుని చూడండి. వేసవిలో ఏసీతో 200 దాటేవాళ్ల లెక్క వేరు.

నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కించేది) బిగించి, సోలార్ మొదలైందని చెప్పే కమిషనింగ్ రిపోర్టు పోర్టల్లో కనబడ్డాక కూడా పని మిగిలే ఉంటుంది. బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు అప్‌లోడ్ చేస్తేనే సబ్సిడీ కదులుతుంది. 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లకి గానీ, అంతకన్నా పైన ఎంతకైనా గానీ 78,000. మామూలుగా నెల లోపు పడుతుంది, లోన్ బాకీలో జమ చేస్తే బరువు ఆ మేరకు తగ్గుతుంది. ఆ చెక్కు మీద పేరు కూడా బిల్లు మీద ఉన్నదే అయ్యుండాలి, చాలామంది ఇక్కడ అలవాటుగా ఇంట్లో ఇంకొకరి ఖాతా ఇచ్చేస్తుంటారు.