మెదడు కుడి ఎడమలను కొలవడం, 3వ పాఠం: దిశ వేరు, పరిమాణం వేరు

మలక్‌పేటలోని మా ఇంట్లో మొన్న సాయంత్రం నాన్నగారి తల ఎం.ఆర్.ఐ. ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి చూశాను. సాధారణంగా ఫిల్ములో మనకు ఎడమవైపు కనిపించేది రోగి కుడివైపు కనుక, అంచున కుడిని (రైట్) సూచిస్తూ ఉండే ‘ఆర్’ అక్షరాన్ని ముందు వెతకాలి. ఇక్కడ పొరబడితే తరువాతి లెక్కంతా తలకిందులవుతుంది. ఆయన మెదడులో నుదుటివైపు కుడి అర్ధగోళం ముందుకు, వెనుకవైపు ఎడమ అర్ధగోళం వెనక్కి కాస్త పొడుచుకు వచ్చాయి. మనుషుల్లో ఎక్కువగా కనిపించే మెలిక ఇదే.

ఈ తేడాను అంకెలోకి తెచ్చే పద్ధతి చూద్దాం. మెదడులో రెండువైపులా ఉండే ఏదైనా ఒక భాగాన్ని తీసుకుని, దాని కుడి కొలతలోంచి ఎడమ కొలతను తీసివేసి, ఆ రెండింటి సగటుతో భాగించాలి. ఎడమ 9, కుడి 7 చదరపు సెంటీమీటర్లనుకుంటే, –2ను 8తో భాగించగా –0.25 వస్తుంది. రుణ గుర్తు ఎడమ పెద్దదని చెబుతుంది. మరొకరిలో ఎడమ 7, కుడి 9 అయితే +0.25. గుర్తులతో కలిపి ఈ రెండింటి సగటు తీస్తే సున్నా వస్తుంది, కానీ ఇద్దరిలో ఒక్కరి మెదడైనా సమంగా లేదు! అందుకే గుర్తు తీసేసి మరో సగటు కూడా కట్టాలి: మొదటిది దిశను, రెండవది పరిమాణాన్ని తెలుపుతుంది.

మనిషినీ వానరాలనూ పోల్చేటప్పుడు ఈ జాగ్రత్త చాలా అవసరం. 1968లో గెష్‌విండ్, లెవిట్‌స్కీ అనే పరిశోధకులు 100 మానవ మెదళ్లను పరిశీలించగా, భాషతో ముడిపడిన ప్లానం టెంపొరాలె అనే మెదడు భాగం 65 మెదళ్లలో ఎడమవైపు, 11లో కుడివైపు పెద్దదిగా ఉంది. ఇది మనిషికే ప్రత్యేకమని చాలాకాలం భావించారు. 1998లో గానన్ బృందం చూసిన 18 చింపాంజీ మెదళ్లలో 17 ఎడమవైపే మొగ్గాయి. కాబట్టి దిశ ఒక్కటే చూసి ‘ఇది భాష గుర్తు’ అనడం తొందరపాటని నా గట్టి నమ్మకం.

2020లో న్యూబావర్ బృందం పుర్రెల లోపలి ఆకృతులను కొలిచింది. మనలోని మెలికే చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లలోనూ సగటున కనిపించింది. చింపాంజీలో అది కొంత తక్కువ. మనిషిలో మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా, విస్తృతంగా మారుతోంది. సగటు దాచిపెట్టేది సరిగ్గా ఈ వైవిధ్యాన్నే.

అభ్యాసం: ఎడమ–కుడి జతలు 8–8, 10–6, 6–10, 9–7. దిశ సగటు, పరిమాణ సగటు విడివిడిగా కట్టి ఉంచండి. 4వ పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.