ఆగిపోయిన బీఎస్సీని వీల్‌చైర్‌లో మళ్లీ మొదలుపెట్టాలంటే ఎలా? ముందు ల్యాబ్ చూడండి

నేను బీఎస్సీ సెకండియర్‌లో ఉండగా బైక్ యాక్సిడెంట్ అయ్యింది, వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది, ఆ తర్వాత ఐదేళ్లు ఇల్లే లోకం. మళ్లీ కాలేజీకి వెళ్తానంటే చుట్టాలందరిదీ ఒకటే మాట, "బీఏ కట్టరా, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, ఈ స్థితిలో కెమిస్ట్రీ ఎందుకు నీకు" అని. వాళ్లు ప్రేమతోనే అన్నారు, కానీ నాకు కావాల్సింది కెమిస్ట్రీనే. డిగ్రీ పూర్తి చేశాను. నాలాగే మధ్యలో ఆగిపోయి మళ్లీ సైన్స్ చదవాలనుకునేవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అనేది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నాది వీల్‌చైర్ కాబట్టి దాని గురించే ఎక్కువ ఉంటుంది, చూపు, వినికిడి సమస్య ఉన్నవాళ్ల కోసం కూడా తెలిసినంత చెప్తాను.

అప్లికేషన్ కంటే ముందు ల్యాబ్‌కి వెళ్లండి

అందరూ ముందు ఆన్‌లైన్‌లో సీటు పెట్టుకుని తర్వాత కాలేజీ చూస్తారు, మనం రివర్స్‌లో చెయ్యాలి. థియరీ ఎలాగోలా లాగించొచ్చు, క్లాస్‌రూమ్ కింద ఫ్లోర్‌కి మార్చమంటే మారుస్తారు, కానీ ల్యాబ్‌ని ఎవరూ మార్చలేరు, గ్యాస్ లైన్లు, సింకులు అన్నీ అక్కడే బిగించి ఉంటాయి. అందుకే ప్రాక్టికల్స్ జరిగే రోజు చూసుకుని, ఇంట్లో ఒకళ్లని తీసుకుని, ఒక టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి.

కొలవాల్సినవి ఇవి. ల్యాబ్ తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లకి తక్కువ ఉంటే మామూలు వీల్‌చైర్‌కి చేతులు గీసుకుపోతాయి, 90 ఉంటే హాయి. మన ల్యాబుల్లో బెంచీలు నిలబడి చేసేవాళ్ల కోసం కట్టినవి, దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, కూర్చున్నవాళ్లకి 75 నుంచి 80 లోపు ఉండి కింద మోకాళ్లు దూరే ఖాళీ కావాలి. ర్యాంప్ ఉందని చెప్తారు, ఉందా లేదా అని కాదు ఎంత వాలు ఉందో చూడండి, ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే వెనక నుంచి ఇద్దరు తొయ్యాల్సిందే. ఇక బాత్‌రూమ్. దీని గురించి అడగడానికి సిగ్గుపడకండి, ప్రాక్టికల్ మూడు గంటలు ఉంటుంది, వీల్‌చైర్ లోపలికి పోయే బాత్‌రూమ్ అదే ఫ్లోర్‌లో లేకపోతే మీరు ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది, సెమిస్టర్ పోతుంది.

నేను చూసిన ఒక కాలేజీలో ల్యాబ్ ఫస్ట్ ఫ్లోర్‌లో ఉంది, లిఫ్ట్ లేదు. అక్కడ ఒక సార్ చాలా మంచిగానే అన్నారు, "నువ్వు పైకి రావడం ఎందుకమ్మా, ఫ్రెండ్ దగ్గర రికార్డు తీసుకుని కాపీ చేసి ఇచ్చెయ్, ప్రాక్టికల్ మార్కులు నేను చూసుకుంటా" అని. నాకు ఆ రోజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అది దయే కానీ అది ఒప్పుకుంటే నా చేతికి పట్టా వస్తుంది, టైట్రేషన్ (ఒక ద్రావణంలోకి ఇంకోదాన్ని చుక్కచుక్కగా వదిలి గాఢత తేల్చే ప్రయోగం) రాదు. దయచేసి ఈ ఆఫర్ ఎవరిచ్చినా తీసుకోకండి. మార్కులు కాదు, ల్యాబ్‌లో చోటు అడగండి.

పాత చదువు లెక్క తేల్చుకోండి

పాత కాలేజీకి వెళ్లి మార్కుల మెమోలు, టీసీ, ఏ సెమిస్టర్ వరకు పాస్ అయ్యారు, ఎన్ని బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి అన్నీ రాయించుకోండి. మీ యూనివర్సిటీలో మూడేళ్ల డిగ్రీని గరిష్ఠంగా ఎన్నేళ్లలో పూర్తి చెయ్యాలి అని ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడగండి, ఆ గడువు లోపల ఉంటే రీఅడ్మిషన్ తీసుకుని ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు, దాటిపోతే ఫస్టియర్ నుంచి కొత్తగా చేరాలి. మధ్యలో సిలబస్ మారి ఉంటే పాత పేపర్లకి సమానమైన కొత్త పేపర్లు ఏవో కూడా అక్కడే రాయించుకోండి. గ్యాప్ ఎందుకు వచ్చిందంటే హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ పెడితే చాలావరకు సరిపోతుంది, కొన్ని చోట్ల గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు.

కొత్తగా చేరేవాళ్లకి తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ద్వారా, ఏపీలో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా సీట్లు ఇస్తారు. దోస్త్‌లో స్పెషల్ క్యాటగిరీ సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి విడిగా డేట్లు ఇస్తారు, ఆ డేట్ మిస్ అయితే రిజర్వేషన్ పోయినట్టే, క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. కాలేజీకి రోజూ వెళ్లలేని పరిస్థితి అయితే హైదరాబాద్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, 1982లో పెట్టారు, తెలుగు మీడియంలో కూడా బీఎస్సీ చెయ్యొచ్చు, కానీ అక్కడ కూడా ప్రాక్టికల్స్‌కి స్టడీ సెంటర్‌కి వెళ్లాల్సిందే, కాబట్టి ఆ సెంటర్ ల్యాబ్ కూడా ముందే చూసుకోవాలి.

సర్టిఫికెట్ల విషయానికొస్తే వైకల్యం శాతం రాసి ఉండే సర్టిఫికెట్ (సదరం లాంటిది), దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ సిద్ధంగా ఉండాలి. వైకల్యం పరీక్షించే క్యాంప్‌లో స్లాట్ దొరకడానికి టైమ్ పడుతుంది, తెలంగాణలో మీసేవలో, ఏపీలో సచివాలయంలో అడగండి, అడ్మిషన్ల సీజన్ వచ్చాక పరిగెత్తితే కుదరదు.

లెటర్ రాయండి, రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి

నోటిమాటగా "చూద్దాంలే" అన్న మాట సెమిస్టర్ మధ్యలో ఎవరికీ గుర్తుండదు. అందుకే ప్రిన్సిపల్ గారికి ఒక లెటర్, కాపీ హెచ్‌ఓడీ గారికి. మర్యాదగా, సూటిగా ఉండాలి, మన బాధలన్నీ అందులో రాయకూడదు, ఏం కావాలో మాత్రమే రాయాలి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది:

"అయ్యా, నేను వీల్‌చైర్ వాడుతున్నాను, రెండు చేతులూ పూర్తిగా పనిచేస్తాయి. ప్రాక్టికల్స్ స్వయంగా చేయదలచుకున్నాను. ఇందుకు కావలసినవి: 75 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక టేబుల్, సింక్‌కి దగ్గరగా స్థలం, పై షెల్ఫ్‌లోని రీఏజెంట్లు అందించడానికి ల్యాబ్ అసిస్టెంట్ సహాయం, నా బ్యాచ్‌కి గ్రౌండ్ ఫ్లోర్ ల్యాబ్ కేటాయింపు."

ఆ "రెండు చేతులూ పూర్తిగా పనిచేస్తాయి" అన్న ఒక్క ముక్క చాలా పని చేసింది, ఎందుకంటే అవతలివాళ్లు మనం ఏం చెయ్యలేమో ఊహించుకుంటూ భయపడుతుంటారు, ఏం చెయ్యగలమో మనమే చెప్పాలి. కింద చట్టం పేరు ఒక లైన్ రాయండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ ప్రకారం గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు బిల్డింగులు, సౌకర్యాలు మనకి అందుబాటులో ఉంచాలి, మన అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చెయ్యాలి. 32వ సెక్షన్ ప్రకారం గవర్నమెంట్, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లకి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు. చట్టం పేరు రాస్తే గొడవకి వచ్చాడనుకుంటారేమో అని చాలామంది వెనకాడతారు, అలా ఏం కాదు, ప్రిన్సిపల్ గారికి టేబుల్ కొనడానికి ఫైల్ పెట్టాలంటే ఆ లైనే ఆధారం. ఇంత చేసినా పట్టించుకోకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

మన శ్రీకాంత్ బొల్లా గారి సంగతి తెలిసే ఉంటుంది, మచిలీపట్నం దగ్గర పుట్టారు, చూపు లేదు, ఇంటర్‌లో సైన్స్ గ్రూప్ ఇవ్వమంటే కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు. ఆయన కోర్టుకి వెళ్లిన రోజులకి ఈ చట్టం లేదు, మనకి ఉంది.

ల్యాబ్ లోపల, కూర్చుని చెయ్యడం

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు.

టైట్రేషన్‌లో వాడే బ్యూరెట్‌తో మొదలుపెడదాం, అంటే గీతలు ఉండి అడుగున కుళాయి ఉన్న పొడవాటి గాజు గొట్టం. స్టాండ్ మామూలు బెంచ్ మీద పెడితే 50 ఎంఎల్ బ్యూరెట్ పై అంచు మన తలకంటే చాలా పైన ఉంటుంది, ఫన్నెల్ పెట్టి పొయ్యడం అసాధ్యం, చెయ్యి పైకెత్తి పోస్తే యాసిడ్ మొహం మీదకే వస్తుంది. స్టాండ్‌ని పొట్టి స్టూల్ మీదకి దించండి, మీ ఎదురుగా కాదు, పక్కన. నింపేటప్పుడు క్లాంప్ వదులు చేసి బ్యూరెట్ బయటికి తీసి, కళ్లకంటే కింద పట్టుకుని పోసి, మళ్లీ బిగించండి. రీడింగ్‌కి కన్ను ద్రవం మట్టానికి సమానంగా ఉండాలి కదా, పై గీతలు అందకపోతే ఫోన్‌ని ఆ మట్టానికి సరిగ్గా పట్టుకుని ఫోటో తీసి జూమ్ చేసి చూడండి, ఫోన్ కాస్త పైకో కిందికో ఉంటే రీడింగ్ తప్పు వస్తుంది కాబట్టి మొదట్లో రెండు మూడు సార్లు లెక్చరర్ రీడింగ్‌తో సరిచూసుకోండి. పర్మాంగనేట్ లాంటి ముదురు రంగు ద్రావణానికి మట్టం దగ్గర ఉండే కింద వంపు కనపడదు, పై అంచే చదవాలి, అది అందరికీ ఒకటే.

రెండోది, ఒడి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి చేతులు చక్రాల మీద ఉంటాయి కాబట్టి ఏ వస్తువైనా ఒళ్లో పెట్టుకుని వెళ్లడం అలవాటు. మొదటి నెలలో ఒక రోజు వాటర్ బాత్ నుంచి తీసిన బీకర్‌ని ఒళ్లో పెట్టుకుని అవతలి బెంచ్‌కి వెళ్లాను, గుడ్డ చుట్టాను కదా అనుకున్నాను. నాకేం తెలియలేదు, స్పర్శ లేదు కదా. సాయంత్రం ఇంటికొచ్చి ప్యాంట్ మారుస్తుంటే మా అమ్మ చూసి కేక పెట్టింది, తొడ మీద అరచెయ్యంత బొబ్బ. మానడానికి ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత మోకాళ్ల కింద దాకా వచ్చే రబ్బర్ ఏప్రన్ కొన్నాను, వేడివి, యాసిడ్లు ఒళ్లో పెట్టడం పూర్తిగా మానేసి పక్కవాళ్లని అందించమని అడగడం నేర్చుకున్నాను, ప్రాక్టికల్ అయ్యాక రెండు కాళ్లూ చూసుకునే అలవాటు చేసుకున్నాను. ఇంకోటి, కూర్చున్నప్పుడు మన మొహం బీకర్ల ఎత్తులోనే ఉంటుంది, నిలబడ్డవాళ్లకి చేతి మీద పడేది మనకి కళ్లల్లో పడుతుంది, అందుకని గాగుల్స్ తియ్యకూడదు, వీలైతే ఫేస్ షీల్డ్ పెట్టుకోండి. ఒళ్లో ద్రవం పడితే కుషన్ కిందకి చేరి అక్కడే నిలుస్తుంది, వెంటనే కుషన్ తీసి కడగాలి.

పదిహేను ఇరవై నిమిషాలకొకసారి చేతుల మీద ఒత్తి నడుము పైకి లేపడం ల్యాబ్‌లో కూడా మర్చిపోకండి, నేను ఫోన్‌లో వైబ్రేషన్ అలారం పెట్టుకునేవాణ్ణి. ప్రెషర్ సోర్ (ఒకేచోట ఒత్తిడి వల్ల పడే పుండు) వస్తే నెలల తరబడి మంచమే.

చేతులు కూడా సరిగా పనిచెయ్యనివాళ్లు సహాయకుడితో ప్రాక్టికల్ చెయ్యొచ్చు. అయితే చేతులు వాళ్లవి, నిర్ణయం మీది అయి ఉండాలి. "ఇప్పుడు రెండు చుక్కలు ఇండికేటర్ వెయ్, నెమ్మదిగా తిప్పు, ఆపు" అని మీరు చెప్పాలి, ఇండికేటర్ రంగు మారింది ఎప్పుడో మీరు చెప్పాలి. అప్పుడు వైవాలో (నోటితో అడిగే పరీక్షలో) ఏం అడిగినా మీకు జవాబు ఉంటుంది.

చూపు, వినికిడి సమస్య ఉంటే

కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది, కానీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఈక్వేషన్లని అది చదవలేదు, కాబట్టి నోట్స్‌ని వర్డ్ ఫైల్‌గానో, ఈక్వేషన్లని అక్షరాల్లో టైప్ చేసే లేటెక్ ఫైల్‌గానో అడగండి. రంగు కనపడనివాళ్లకి ఇండికేటర్ బదులు పీహెచ్ మీటర్‌తో (ఆమ్లమా క్షారమా అన్నది అంకెల్లో చూపించేది) టైట్రేషన్ పెట్టమని లెటర్‌లో రాయండి, అది కూడా సిలబస్‌లో ఉన్న పద్ధతే. వినపడనివాళ్లు ముందు బెంచీ, బోర్డు వైపు తిరిగి కాకుండా క్లాస్ వైపు తిరిగి చెప్పమని రిక్వెస్ట్, ఫోన్‌లో మాటల్ని అక్షరాలుగా చూపించే యాప్, ఇంకా ల్యాబ్‌లో అలారం మోగితే భుజం తట్టి చెప్పే ఒక మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవడం.

పరీక్షలు

స్క్రైబ్ (మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషి) కావాలన్నా, ఎక్స్‌ట్రా టైమ్ కావాలన్నా ఎగ్జామ్ ఫీజు కట్టేటప్పుడే అప్లికేషన్ ఇవ్వండి, హాల్ టికెట్ వచ్చాక కాదు. కేంద్రం 2018లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నా రాయడం కష్టమైతే స్క్రైబ్‌ని కాదనకూడదని సుప్రీంకోర్టు 2021లో వికాష్ కుమార్ కేసులో చెప్పింది, 2022లో దానికి విడిగా గైడ్‌లైన్స్ కూడా వచ్చాయి.

సైన్స్‌లో స్క్రైబ్‌తో అసలు ఇబ్బంది వేరే. మనమే తెచ్చుకునే స్క్రైబ్ మనకంటే కింది తరగతి చదువుతున్నవాళ్లై ఉండాలి, వాళ్లకి సిగ్మా, డెల్టా గుర్తులు, బెంజీన్ రింగులు రాయడం రాకపోవచ్చు. పరీక్షకి రెండు మూడు వారాల ముందు నుంచే కూర్చోబెట్టి ప్రాక్టీస్ చెయ్యండి. "ఆరు మూలల బొమ్మ గియ్యి, పై మూల ఒకటి, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెట్టు, ఒకటి దగ్గర ఓహెచ్, నాలుగు దగ్గర ఎన్ఓ2" ఇలా చెప్తే తప్పు లేకుండా గీస్తారు. నాకు స్క్రైబ్ అవసరం పడలేదు కానీ చేతుల సమస్య ఉన్న మా జూనియర్‌కి ఇలా నేర్పిస్తే ఆర్గానిక్ పేపర్ బాగా రాశాడు.

డబ్బులు, అటెండెన్స్, ఆ తర్వాత

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగ విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంటుంది, గడువు చూసి అప్లై చెయ్యండి. వికలాంగుల సంక్షేమ శాఖ వాళ్లు లాప్‌టాప్‌లు, మూడు చక్రాల మోటార్ బండ్లకి అప్పుడప్పుడు అప్లికేషన్లు తీసుకుంటారు, జిల్లా ఆఫీసులో ఫోన్ నంబర్ ఇచ్చి రండి. అటెండెన్స్ చాలా యూనివర్సిటీల్లో 75 శాతం ఉండాలి, హాస్పిటల్‌కి వెళ్లిన ప్రతిసారీ ఓపీ చీటీ దాచండి, కండొనేషన్‌కి (తగ్గిన హాజరుని మన్నించడానికి) అవే కావాలి.

ఎమ్మెస్సీకి వెళ్లాలనుకుంటే తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్, ఐఐటీలకి జామ్ అనే ఎంట్రన్స్ పరీక్షలు ఉన్నాయి, మూడింట్లోనూ అప్లికేషన్ నింపేటప్పుడే వైకల్యం కాలమ్‌లో టిక్ పెట్టండి. సీటు వచ్చాక ఆ కొత్త కాలేజీకి వెళ్లేటప్పుడు మీ పాత లెటర్ కాపీ, రిసీవ్డ్ స్టాంప్ ఉన్నది, ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి, టేపు కూడా.