వాన పడకముందే వాడకట్టు సిద్ధం: వలంటీర్లను, వ్యాపారులను ఎలా కూడగట్టాలి

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. మరో రెండు రోజులకు వరంగల్‌లో పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మనవి గొలుసుకట్టు చెరువులు, పైచెరువులో మిగిలిన నీళ్లు కింది చెరువులోకి పారతాయి. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే కింది కాలనీకి మిగిలేది కొద్ది సమయమే. బయటి నుంచి పడవలు, బలగాలు చేరేలోపు ఆదుకునేది పక్కింటి మనిషి, వీధి చివరి ట్రాక్టర్, రైస్ మిల్లు జనరేటరే.

అడిగితే అందరూ "అవసరమైతే పిలువుండ్రి, వస్తం" అంటారు. మనసులో ఉన్న మాటే అది, కానీ అర్ధరాత్రి రెండింటికి దానితో పని జరగదు. ఎవరు, ఏ వస్తువుతో, ఎన్ని నిమిషాల్లో వస్తారో, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఏప్రిల్, మే నెలల్లోనే తేల్చి మృగశిర కార్తె నాటికి కాగితం మీద పెట్టాలి.

మనుషులు

20 ఇళ్లకు ఒకరు, ఆ ఒకరికి మారుగా ఇంకొకరు. 200 ఇళ్ల కాలనీకి 20 మంది చాలు. మారు మనిషిని అదే ఇంటి నుంచో, అదే పల్లపు గల్లీ నుంచో తీసుకోవద్దు. నాలా పక్కన ఉండేవాళ్లు ముందు తమ పిల్లలను, బియ్యాన్ని పైకి చేర్చుకోవాలి కాబట్టి ఆ రాత్రి వాళ్లు వలంటీర్లు కాలేరు, వాళ్లకే సాయం కావాలి. చాలా జాబితాలు విఫలమయ్యేది ఇక్కడే.

మైకులో పిలుపునిచ్చి ఊరుకుంటే ఎవరూ రారు. మహిళా సంఘాలతో మొదలుపెట్టండి. పట్నంలో ఆ సంఘాలను చూసుకునే మెప్మా ఆర్పీకి, ఊళ్లో సంఘాల లెక్కలు రాసే వీవోఏకి ఏ ఇంట్లో ఎవరున్నారో నోటికి తెలుసు. ఆ తర్వాత గణపతి మండపం యూత్, కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలు. అడిగేటప్పుడు "సేవ చేస్తారా" అనకుండా పని పేరు చెప్పి అడగండి: "ఈ 20 ఇళ్ల రిజిస్టర్ మీరు రాస్తారా? రెండు సాయంత్రాల పని." చిన్నదే అయినా హద్దు తెలిసిన పనికి జనం ఒప్పుకుంటారు, ఒప్పుకున్నది చేస్తారు.

రిజిస్టర్‌లో ఇంటికో వరుస చాలు: ఎంతమంది, మంచం దిగలేని పెద్దవాళ్లు, గర్భిణి ఉంటే ప్రసవం తేదీ, డయాలసిస్ లేదా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, కరెంటు మెయిన్ ఎక్కడుంది. కాపీలు రెండే ఉండాలి. వాట్సాప్‌లో పెట్టొద్దు, అవి ఇళ్లలోని రోగాల వివరాలు.

నీళ్లలోకి దిగే పని వీళ్లకు అప్పగించొద్దు. మోకాలి లోతు ప్రవాహమైనా మనిషిని పడగొడుతుంది, రెండడుగుల నీరు చాలా కార్లను ఈడ్చుకుపోతుంది. లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే ట్రాక్టర్‌ను కూడా దాటనివ్వొద్దు. ఇద్దరు వలంటీర్లు అటూ ఇటూ తాడు కట్టి జనాన్ని ఆపడం వెయ్యి ఆహార పొట్లాల కన్నా పెద్ద సాయం. రక్షణ పని నేర్చుకోవాలనే వాళ్ల పేర్లు విపత్తుల్లో సాయపడే వలంటీర్లకు ప్రభుత్వం ఇచ్చే ఆపదమిత్ర శిక్షణ కోసం కలెక్టరేట్‌లో ఇవ్వండి, అది 12 రోజుల శిక్షణ. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల జోలికి ఎవరూ పోవద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ సరఫరా ఆపాడని తేల్చుకున్నాకే వాటి చుట్టూ ఉన్న నీళ్ల దగ్గరికి వెళ్లాలి.

18 నుంచి 70 ఏళ్ల లోపు ప్రతి వలంటీర్‌నూ ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. పాలసీ ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలలోనే బ్యాంకుకు పంపండి. ఇంట్లోవాళ్ల భయానికి ఇది కొంతైనా జవాబు.

వ్యాపారులు

చెక్కు అడగొద్దు, వస్తువు అడగండి. కంపెనీల చట్టం ప్రకారం సీఎస్ఆర్ (లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టే) బాధ్యత పడేది 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా దాటిన కంపెనీకే. విపత్తు సహాయం ఆ ఖర్చు కింద చెల్లుతుంది. రామగుండం, భూపాలపల్లి వైపు పెద్ద సంస్థలను అలా అడగవచ్చు. మన రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, టెంట్ హౌస్ ఆ లెక్కలోకి రావు, కానీ ఆ రాత్రికి కావలసినవన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి: ఖాళీ సంచులు, టార్పాలిన్లు, జనరేటర్, వంట గిన్నెలు.

జాబితాలో "జేసీబీ – 1" అని రాసుకుంటే అది సమాచారం కాదు. ఇలా రాయండి: "జేసీబీ ఒకటి. రాత్రి నిలిపే చోటు: గుట్ట పక్క ప్లాటు, నీళ్లు రావు. డ్రైవర్ ఇల్లు అర కిలోమీటర్. తాళంచెవి డ్రైవర్ దగ్గర, రెండోది ఓనర్ వదిన దగ్గర. డీజిల్ 50 లీటర్లు కమిటీది, దాదాపు పది గంటల పని. నాలా వంతెన మునిగితే రైల్వే గేటు దారి." వస్తువు ఉన్న చోటే మునిగే చోటైతే దాన్ని జాబితాలోంచి కొట్టేయండి. గోదాములో మోటారు ఉంటుంది, ఆ గోదామే ముందు మునుగుతుంది.

డీజిల్, డ్రైవర్ బత్తా, రిపేరు ఎవరివో ఒక పేజీలో రాసి రెండు సంతకాలు పెట్టించండి. 2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 65, 66 సెక్షన్ల కింద అధికారులు వాహనాలను తీసుకుని పరిహారం ఇవ్వొచ్చు, కానీ ఆదేశం వచ్చేసరికి పొద్దు తెల్లారుతుంది.

ఫంక్షన్ హాల్ ఇస్తామంటే కొలిచి చూడండి. మనిషికి 3.5 చదరపు మీటర్ల చొప్పున 3,500 చదరపు అడుగుల (దాదాపు 325 చదరపు మీటర్ల) హాల్లో పడుకోగలిగేది 90 మంది. మనిషికి రోజుకు 15 లీటర్లంటే 1,350 లీటర్ల నీళ్లు, వెయ్యి లీటర్ల సింటెక్స్ చాలదు. మొదటి రోజుల్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, తర్వాత 20 మందికి ఒకటి. ఆడవాళ్లవి విడిగా, దారిలో లైటు ఉండాలి. ఈ లెక్క చూపించాక హాలు యజమానే రెండో ట్యాంకు గురించి ఆలోచిస్తాడు.

మిల్లు సంచుల్లో ఇసుక సగం కన్నా కొంచెం ఎక్కువ, మూడింట రెండొంతుల లోపే నింపాలి. నిండా నింపి గట్టిగా కుడితే సంచి గుండ్రంగా బిగుసుకుని పక్కదానికి అతకదు, ఆ సందుల్లోంచి నీళ్లు వస్తాయి. మూతి కట్టకుండా కిందికి మడిచి, ఆ మడతను ప్రవాహం వచ్చే వైపు ఉంచి, ఇటుకల్లా సందు మీద సంచి పెట్టి కాలితో తొక్కండి. అడుగు ఎత్తుకు, అడుగు పొడవుకు 6 నుంచి 8 సంచులు పడతాయి. ఎత్తు పెంచితే అడుగున వెడల్పు ఆ ఎత్తుకు రెండు మూడింతలు ఉండాలి.

ఒక రాత్రి పరీక్ష

మే చివర ఒక రాత్రి 9 గంటలకు చెప్పకుండా పిలవండి. ఎంతమంది ఫోన్ ఎత్తారు, 20 నిమిషాల్లో ఎంతమంది వచ్చారు, జనరేటర్ ఎన్నో ప్రయత్నానికి స్టార్టయింది, రాసుకోండి. రాని వాళ్లను కోప్పడొద్దు, వాళ్ల చోట మారు మనిషిని పెట్టండి. కరెంటు పోతే సెల్ టవర్ కూడా పోవచ్చు కాబట్టి గుడి మైకుకు, మసీదు మైకుకు బ్యాటరీ, దానితో పాటు ఒక డప్పు ఉండాలి. ఏ చప్పుడు విన్నాక ఇల్లు విడవాలో పిల్లలకు కూడా తెలియాలి.

నీళ్లు తగ్గాక పాత బట్టలు కుప్పలుగా వస్తాయి, వద్దని ముందే చెప్పండి. అన్నం పొట్లాలైతే పులిహోర నిలుస్తుంది, పొద్దున కట్టిన సాంబారన్నం మధ్యాహ్నానికే పాడవుతుంది. తీసుకున్న ప్రతి వస్తువునూ వారంలోపు కడిగి, జనరేటర్ ట్యాంకు నింపి, పగిలిన గిన్నెల డబ్బు లెక్కగట్టి ఇచ్చి ఓనర్ సంతకం తీసుకోండి. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి.