షుగర్, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నోళ్ళకి మన వంటతోనే లో కార్బ్ ఎలా చేస్కోవాలి

మా నాన్నకి షుగర్ వచ్చి పదకొండేళ్ళయ్యింది, రెండేళ్ళ క్రితం కొలెస్ట్రాల్ కూడా తోడయ్యింది. అప్పటికి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్ట్) 8.9, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 310. స్వీట్లు ముట్టరు, టీలో పంచదార ఎప్పుడో మానేసారు, ఐనా ఎందుకు దిగట్లేదో మాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ అన్నం వడ్డించిన ప్రతిసారీ కంచం తీస్కెళ్ళి కిచెన్ స్కేల్ మీద పెట్టి చూసాను. పప్పులోకి 160 గ్రాములు, వంకాయ కూరలోకి 110, చారులోకి 80, చివర్లో పెరుగులోకి 90. మొత్తం 440 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల కార్బ్స్, అంటే పిండిపదార్థాలు ఉంటాయి, అంటే ఆ ఒక్క పూట అన్నంలోంచే 120 గ్రాముల పైన. కూర ఎంత తిన్నారా అని చూస్తే రెండు గరిటెలు కూడా లేదు.

మన భోజనంలో ఇబ్బందంతా ఇక్కడే ఉంది, ఐటెం మారినప్పుడల్లా మళ్ళీ అన్నం పడుతుంది. ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదు, 2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ స్టడీలో మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం దాకా కార్బ్స్ నుంచే వస్తున్నాయని తేలింది. అందుకే నేను చెప్పేది ఒకటే, అన్నంలో కూర కలుపుకోవడం మానేసి కూరలో అన్నం కలుపుకోవాలి. అవకాడోలు, ఆల్మండ్ ఫ్లోర్ ఏమీ కొనక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క పని తప్పకుండా చెయ్యండి, వేస్కుంటున్న మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళి కార్బ్స్ తగ్గిస్తున్నానని చెప్పండి. ఇన్సులిన్ తీస్కునేవాళ్ళకి, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్ళలు వేస్కునేవాళ్ళకి మందు అంతే ఉండి అన్నం సగమైతే షుగర్ డౌన్ అయిపోతుంది, చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. 70 కంటే కిందకి వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి పావుగంటకి మళ్ళీ చెక్ చెయ్యాలి, మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా వెంటనే హాస్పిటల్‌కి తీస్కెళ్ళాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళు కీటో డైట్ లాగా కార్బ్స్ మరీ తగ్గించకూడదు, మీటర్‌లో షుగర్ పెద్దగా లేకపోయినా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. కిడ్నీ సమస్య ఉన్నా, కడుపుతో ఉన్నా ఇలాంటివి సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఇక లెక్క. రోజుకి 130 గ్రాముల లోపు కార్బ్స్ ఐతే లో కార్బ్ అంటారు, 50 లోపుకి వెళ్తే కీటో. మేము 100 నుంచి 130 మధ్యలో పెట్టుకున్నాం, ఎందుకంటే రెండు నెలలు చేసి వదిలేసేది కాకుండా ఏళ్ళ తరబడి నడిచేది కావాలి. ఒక చిన్న స్టీల్ కప్పు తీస్కుని దాన్లో సరిగ్గా 100 గ్రాముల అన్నం పట్టేలా గుర్తు పెట్టాం, మధ్యాహ్నం ఆ కప్పు ఒక్కటే. అది కూడా మొదట్లో కాదు. ముందు కూర ఒక పెద్ద గిన్నెడు ఉత్తదే తినేస్తారు, కాస్త గట్టి పప్పో గుడ్డో చేపో తింటారు, ఆ తర్వాత ఆ కప్పు అన్నం పులుసులోనో చారులోనో కలుపుకుంటారు, పెరుగు ఉత్తదే చెంచాతో తింటారు. కూరగాయలూ ప్రోటీనూ ముందు తిని అన్నం తర్వాత తింటే షుగర్ అంత ఎత్తుకి లేవదు, ఇది మీటర్‌తో మీరే చూస్కోవచ్చు. మొదటి వారం నాన్నకి పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే లేదని చాలా బెంగ పెట్టుకున్నారు, అప్పుడు అమ్మ పెరుగులో కీరా తురుము, అల్లం, పోపు వేసి పెరుగుపచ్చడి చేసి పెట్టింది, దాంతో కాస్త సర్దుకున్నారు.

ఉత్తి కూర తినాలంటే కూర వండే పద్ధతి మారాలి, అన్నంలోకి వండినట్టు ఉప్పూ కారం దట్టిస్తే ఉత్తది తినలేరు. ఉప్పు కారం సగం, ముక్కలు డబుల్. దొండకాయ, బెండకాయ, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, గోరుచిక్కుడు, క్యాబేజీ, ఆకుకూరలన్నీ ఎంతైనా తినొచ్చు. బంగాళదుంప, చామదుంప, కంద, చిలగడదుంప మాత్రం కూరలు కాదు, అన్నం లెక్కలోకే వస్తాయి.

టిఫినే అసలు కష్టం. నాలుగు ఇడ్లీలు తిన్న రెండు గంటలకి నాన్న షుగర్ 236, ఇంకోరోజు రెండు గుడ్ల ఆమ్లెట్, ఒక పెసరట్టు తింటే 151. పెసరట్టు పిండిలో గుప్పెడు బియ్యం వేసే అలవాటుంటే మానెయ్యండి, ఉత్త పొట్టు పెసలతో కూడా అట్టు బాగానే వస్తుంది, పెనం బాగా కాగాలి అంతే. గుడ్డు తిననివాళ్ళు పనీర్ బుర్జీ, మీల్ మేకర్ కూర చేస్కోవచ్చు, మీల్ మేకర్ ఎండుది 100 గ్రాముల్లో 50 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. ఇడ్లీ తినాలనిపిస్తే ఒకటి, గిన్నెడు సాంబారుతో.

చాలామంది అన్నం మానేసి కొర్రలూ రాగులూ జొన్నరొట్టెలూ మొదలుపెట్టి కడుపునిండా తింటారు, షుగర్ దిగలేదని బాధపడతారు. వాటిలో పీచు ఎక్కువే, మంచివే, కానీ 100 గ్రాముల గింజల్లో 60, 70 గ్రాములు కార్బ్సే. అన్నం బదులు తినండి, అంతే కొలత. బెల్లం, తేనె కూడా పంచదార కిందే లెక్క. చద్దన్నం, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం ఐతే షుగర్ పెరగదని చెప్తుంటారు, కొంచెం తేడా ఉంటుంది కానీ రెండు కంచాలు తినేంత తేడా కాదు.

ఇప్పుడు కొలెస్ట్రాల్ సంగతి, దీన్లోనే ఎక్కువమంది పొరపాటు పడుతున్నారు. కార్బ్స్ తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్స్ బాగా దిగుతాయి, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) కాస్త పెరుగుతుంది, ఎందుకంటే తిన్న పిండిపదార్థం మిగిలిపోతే లివర్ దాన్ని కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపిస్తుంది. కానీ ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) అలా కాదు, అన్నం తీసేసిన చోట నెయ్యి, వెన్న, కొబ్బరినూనె పొయ్యడం మొదలుపెడితే కొందరికి ఎల్‌డీఎల్ బాగా పెరిగిపోతుంది. కొన్నేళ్ళ క్రితం మన దగ్గర ఊరూరా కొబ్బరినూనె తాగారు కదా, దాన్లో 80 శాతం పైన సాచురేటెడ్ కొవ్వే (ఎల్‌డీఎల్ పెంచే రకం), గుండె రిస్క్ ఉన్నోళ్ళకి అది నాకు అస్సలు ఇష్టం లేదు. మేము వేరుశనగ నూనె, నువ్వుల నూనె కొలిచి వాడతాం, వారానికి రెండుసార్లు చేపల పులుసు, చికెన్ ఐతే స్కిన్ లేకుండా. సాయంత్రం జంతికలు, మిక్చర్ బదులు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గుప్పెడు. స్టాటిన్ బిళ్ళ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వేస్కుంటుంటే డైట్ బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు.

మీటర్ లేకుండా ఇది చెయ్యొద్దు. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకి ఒకసారి, రాస్కోండి. తిన్నాక 180 లోపు ఉంటే చాలామందికి సరిపోతుంది, మీకు ఎంత ఉండాలో డాక్టర్ చెప్తారు. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకుని అప్పుడు గుచ్చండి, మామిడిపండు కోసిన చేత్తో గుచ్చితే ఆ తీపికే నంబర్ పెరిగిపోతుంది, మా అమ్మ ఒకసారి అలాగే 290 చూసి భయపడిపోయింది, కడుక్కుని చూస్తే 142. వేలి మధ్యలో కాకుండా పక్కగా గుచ్చితే నొప్పి తక్కువ. భోజనం అయ్యాక ఒక పది పదిహేను నిమిషాలు నడవండి, ఇంట్లో ఐనా సరే.

మొదటి వారం తలనొప్పి, నీరసం రావొచ్చు, కార్బ్స్ తగ్గినప్పుడు ఒంట్లోంచి నీళ్ళూ ఉప్పూ ఎక్కువ పోతాయి, పల్చటి మజ్జిగ తాగితే తగ్గుతుంది. బీపీ బిళ్ళలు వేస్కునేవాళ్ళు బీపీ కూడా చూస్కుంటూ ఉండాలి, అది కూడా దిగొచ్చు.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ చూసే రక్తపరీక్ష) రెండూ చేయించండి, అంతకంటే ముందు హెచ్‌బీఏ1సీ చేయిస్తే పాత షుగర్ ఇంకా దాన్లో కలిసే ఉంటుంది. నాన్నకి 8.9 కాస్తా 7.1 అయ్యింది, ట్రైగ్లిజరైడ్స్ 168. ఎల్‌డీఎల్ మాత్రం 128 నుంచి 134కి పెరిగింది, కారణం వెతికితే పప్పులో నెయ్యి గరిటెతో పడుతోంది, అమ్మ దాన్ని ఒక చెంచాకి తెచ్చింది, డాక్టర్ స్టాటిన్ డోస్ మార్చారు, మళ్ళీ రక్తం ఇవ్వడానికి వచ్చే నెల రమ్మన్నారు.